కమీషన్ ఏజెంటుకు 8 శాతం లెక్క చెల్లదు, పద్దు రాయాల్సిందే

ప్రశ్న: షాద్‌నగర్, కొత్తూరు వైపు వెంచర్లలో ప్లాట్లు, శంషాబాద్ దగ్గర ఫ్లాట్లు అమ్మిపెడుతుంటాను. రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) ఏజెంటుగా నమోదయ్యాను. నిరుడు (2024-25) కమీషన్ కింద 11 లక్షలు వచ్చాయి. తెలిసినాయన ఒకరు ఆన్‌లైన్లో 8 శాతం లాభం చూపించి రిటర్న్ వేసిపెట్టారు. టీడీఎస్ (బిల్డరు ముందే కోసి కట్టిన పన్ను) మొత్తం వాపసు వచ్చింది. ఈ ఏడాది (2025-26) 18 లక్షలు దాకా వచ్చేలా ఉంది. ఇప్పుడు వేరే ఆడిటర్ దగ్గరికి వెళితే నిరుడు వేసింది తప్పని, ఖర్చుల బిల్లులన్నీ తెమ్మని అంటున్నారు. నా దగ్గర కొన్ని పెట్రోలు చీటీలు, ఫోన్‌పే హిస్టరీ తప్ప ఏమీ లేవు. ఏప్రిల్‌లో 9 లక్షలకు కారు కొన్నాను, నెలకు 13,500 ఈఎంఐ కడుతున్నాను. ఏయే ఖర్చులు చూపించుకోవచ్చు? ఎలా రాసుకోవాలి?
— ఒక పాఠకుడు, శంషాబాద్

జవాబు: మీ కొత్త ఆడిటర్ చెప్పిందే సరైనది. చిన్న వ్యాపారులు పద్దులు లేకుండా అమ్మకాల మీద 8 శాతం (బ్యాంకు ద్వారా వచ్చిన సొమ్ముకైతే 6 శాతం) లాభం చూపించుకునే వెసులుబాటు ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 44ఏడీలో ఉంది. కిరాణా కొట్టుకు, హార్డ్‌వేర్ షాపుకు అది వర్తిస్తుంది. కమీషన్, బ్రోకరేజీ రూపంలో ఆదాయం వచ్చేవాళ్లకు, ఏజెన్సీ వ్యాపారం చేసేవాళ్లకు వర్తించదని అదే సెక్షన్‌లో స్పష్టంగా రాసి ఉంది. డాక్టర్లు, లాయర్లు, ఇంజనీర్లు వాడుకునే 44ఏడీఏ కూడా మీకు పనికిరాదు, ఆ వృత్తుల జాబితాలో రియల్ ఎస్టేట్ ఏజెంటు లేడు. కాబట్టి మీరు వేయాల్సింది ఐటీఆర్-4 కాదు, ఐటీఆర్-3. అందులో వచ్చిన కమీషన్ మొత్తం చూపించి, అసలు ఖర్చులు తీసేసి, మిగిలిన లాభం మీద పన్ను కట్టాలి.

ఇది ఆదాయపు పన్ను శాఖ కంట పడకుండా పోతుందని అనుకోవద్దు. బిల్డరు మీ కమీషన్‌లో టీడీఎస్ కోసేది సెక్షన్ 194హెచ్ కింద. మీ పాన్ మీద జమైన టీడీఎస్ అంతా చూపించే 26ఏఎస్ పట్టికలో ప్రతి వరుస పక్కన ఆ నంబరే ఉంటుంది. 194హెచ్ అంటేనే కమీషన్. దాని పక్కన 44ఏడీ రిటర్న్ కనిపిస్తే తేడా కంప్యూటరే పట్టుకుంటుంది.

ఈ ఏడాది మీకు బిల్లులు ఎంత విలువైనవో అంకెల్లోనే చూడండి. 2025-26లో కొత్త పన్ను విధానం ప్రకారం 12 లక్షల వరకు ఆదాయానికి రిబేటు వల్ల పన్ను పడదు. 18 లక్షల కమీషన్‌లో మీరు 6 లక్షల ఖర్చు రుజువు చేయగలిగితే లాభం 12 లక్షలు, పన్ను సున్నా. 4 లక్షలే రుజువు చేయగలిగితే లాభం 14 లక్షలు, సెస్సుతో కలిపి పన్ను 93,600. చేతిలోంచి నిజంగా పోయిన 2 లక్షలకు కాగితం లేకపోవడం వల్ల కట్టాల్సి వచ్చే సొమ్ము అది. జీతగాళ్లకు ఇచ్చే 75,000 స్టాండర్డ్ డిడక్షన్ మీకు లేదు. కొత్త విధానంలో 80సీ లాంటివి పోయినా వ్యాపార ఖర్చులు పోవు, రెండు విధానాల్లోనూ ఉంటాయి. ఏజెంటుకు ఉన్న అసలైన మినహాయింపు ఇదొక్కటే.

ఖర్చుగా ఏది చెల్లుతుందన్న దానికి చట్టంలో ఒకటే కొలత: అది పూర్తిగా వ్యాపారం కోసమే పెట్టింది అయి ఉండాలి, సొంత ఖర్చు కాకూడదు, ఆస్తి కొన్నది కాకూడదు, చట్టం నిషేధించిన పని కోసం పెట్టింది కాకూడదు. బిల్లు ఉంటే డబ్బు పోయిందని తెలుస్తుంది, అంతే. ఎవరి కోసం, ఏ సైటు పని మీద పోయిందో బిల్లు చెప్పదు. అది మీరు అదే రోజు రాసుకోవాలి. 1,400 రూపాయల హోటల్ బిల్లు వెనక ‘కొత్తూరు వెంచర్ 42వ ప్లాటు, కొనేవాళ్లు ముగ్గురు, సైటు చూశాక భోజనం’ అని రాసి ఉంటే అది వ్యాపార ఖర్చు. ఏమీ రాయకపోతే ఇంటివాళ్లతో తిన్న భోజనానికీ దానికీ తేడా చెప్పలేరు.

ముందుగా ఒక బ్యాంకు ఖాతాను ఈ పనికే కేటాయించండి. కమీషన్లన్నీ అందులోకే రావాలి, వ్యాపార ఖర్చులన్నీ అందులోంచే పోవాలి. ఇంటి ఖర్చుకు కావాల్సింది నెలకు ఒకసారో రెండుసార్లో సొంత ఖాతాకు పంపుకుని ‘సొంత వాడకం’ అని రాసుకోండి. ప్రొప్రైటరుకు కరెంటు ఖాతానే ఉండాలన్న నియమం పన్ను చట్టంలో లేదు, ఖాతా వేరుగా ఉండటమే ముఖ్యం. ఫోన్‌పేను ఆ ఖాతాకే కలిపి, చెల్లించేటప్పుడు మెసేజ్ పెట్టే చోట రెండు మాటలు రాయండి: ‘ఫ్లెక్సీలు కొత్తూరు’, ‘ఈసీ 42’ (42వ ప్లాటు ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్). ఆరు నెలల తర్వాత వట్టి పేరు, అంకె చూసి అది ఏ పనో గుర్తు చేసుకోవడం ఎవరివల్లా కాదు.

ఎక్సెల్ షీటు గానీ మామూలు పుస్తకం గానీ, ఏడు గడులు చాలు: తేదీ, ఎవరికి, ఎంత, ఎలా చెల్లించారు, ఏ పద్దు, ఏ కస్టమరు లేదా ఏ వెంచర్ పని, బిల్లు నంబరు. ప్రతి బేరానికీ ఒక నంబరు ఇచ్చి ఆరో గడిలో అదే రాస్తే రిజిస్ట్రేషన్ అయ్యేసరికి ఆ బేరం మీద ఎంత పెట్టారో, ఎంత మిగిలిందో కూడా తెలుస్తుంది. పెట్రోలు బంకు చీటీలు వేడికి అచ్చయ్యే కాగితం మీదవి, రెండు మూడు నెలల్లో తెల్లబడతాయి. తీసుకున్న రోజే ఫోటో తీసి నెలవారీ ఫోల్డరులో వేయండి. పద్దులు, బిల్లులు కనీసం ఆరేళ్లు దాచండి. వ్యాపార ఆదాయం గడచిన మూడేళ్లలో ఏ ఒక్క ఏడాది 2.5 లక్షలు దాటినా, రాబడి 25 లక్షలు దాటినా పద్దులు పెట్టడం తప్పనిసరి, పెట్టకపోతే 25,000 జరిమానా పడొచ్చు. ఏజెంటు పద్దులు, రికార్డులు ఉంచాలని రెరా చట్టం సెక్షన్ 10 కూడా చెబుతోంది.

నగదు చిట్టా విడిగా రాయండి. ఎక్కువమంది దొరికిపోయేది ఇక్కడే. బ్యాంకు నుంచి 20,000 తీసి, నగదులో 34,000 ఖర్చు రాసుకున్నారనుకోండి, చిట్టాలో నిల్వ మైనస్ 14,000 అవుతుంది. లేని నగదు ఎక్కడిదని అడుగుతారు. ఎవరో నగదులో ఇచ్చిన కమీషన్‌ను చూపించలేదన్న అనుమానం వస్తుంది, చాలాసార్లు అది నిజం కూడా. నగదులో వచ్చిన కమీషన్ కూడా రశీదు ఇచ్చి చిట్టాలో రాయాల్సిందే. ఒక మనిషి నుంచి ఒకే రోజు గానీ, ఒకే బేరం మీద గానీ 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోకూడదు. తీసుకుంటే అంత సొమ్మూ జరిమానాగా పోతుంది.

ఇచ్చేటప్పుడు హద్దు ఇంకా చిన్నది: ఒకరికి ఒకే రోజు 10,000 మించి నగదు ఇస్తే ఆ ఖర్చు మొత్తం కొట్టేస్తారు. ఉదయం 8,000, సాయంత్రం 7,000 అని రెండు వోచర్లు రాసినా ఫలితం లేదు, రోజుకు కలిపే చూస్తారు. మీ పనిలో ఇది ముఖ్యంగా తగిలేది తోటి ఏజెంటుకు ఇచ్చే వాటా దగ్గర. కస్టమరును తెచ్చినాయనకు 60,000 నగదు చేతిలో పెడితే మీ రాబడిలో అది ఉంటుంది, ఖర్చులో ఉండదు, ఆయన ఆదాయం మీద పన్ను మీరు కట్టినట్టే. యూపీఐలో గానీ చెక్కుగా గానీ ఇవ్వండి. ప్లాటు నంబరు, ఆయన పాన్, సంతకం ఉన్న రశీదు తీసుకోండి. నిరుడు మీ రాబడి కోటి దాటలేదు కాబట్టి ఈ వాటా మీద మీరు టీడీఎస్ కోయనక్కరలేదు.

ఇక కారు. కొన్న 9 లక్షలూ ఒక్కసారే ఖర్చు కాదు, ఈఎంఐ కూడా ఖర్చు కాదు. ఈఎంఐలో అసలు, వడ్డీ రెండూ ఉంటాయి, ఖర్చు కింద చెల్లేది వడ్డీ ఒక్కటే. బ్యాంకు నుంచి ఏడాది వడ్డీ సర్టిఫికెట్ తీసుకోండి. మీరు ఏడాదికి కట్టే 1,62,000లో వడ్డీ 54,000 అని తేలిందనుకుందాం. కారు ఖరీదు మీద మొదటి ఏడాది 15 శాతం, తర్వాత ఏటా మిగిలిన విలువ మీద 15 శాతం తరుగుదల (వాడకం వల్ల తగ్గే విలువ) చూపించుకోవచ్చు. లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఛార్జీలు ఖరీదులోనే కలుస్తాయి. ఇన్సూరెన్స్ మాత్రం ఖరీదులో కలవదు, ఏ ఏడాదిది ఆ ఏడాది ఖర్చు. డౌన్ పేమెంటులో ఒక రోజు 10,000 మించి నగదు కట్టి ఉంటే ఆ భాగానికి తరుగుదల రాదు. మీరు ఏప్రిల్‌లో కొన్నారు కాబట్టి పూర్తి 15 శాతం వస్తుంది. ఆస్తిని ఆ ఏడాది 180 రోజులకన్నా తక్కువ వాడితే సగమే. అంటే అక్టోబరు 3 దాటి రోడ్డెక్కిన కారుకు మొదటి ఏడాది 7.5 శాతమే.

కారు ఇంటి పనులకూ తిరుగుతుంది కాబట్టి మొత్తం ఖర్చులో వ్యాపార వాటానే చెల్లుతుంది. ఆ వాటా తేల్చేది కిలోమీటర్ల పుస్తకం. అమెరికాలో ఏజెంట్లు వ్యాపారం మీద తిరిగిన ప్రతి మైలుకూ ప్రభుత్వం ప్రకటించిన రేటు వేసుకోవచ్చు, 2025కు అది 70 సెంట్లు. అక్కడి తెలుగువాళ్ల వీడియోలు చూసి ఇక్కడా కిలోమీటరుకు ఇంత అని వేసేవాళ్లున్నారు. మన చట్టంలో సొంత వ్యాపారికి అలాంటి రేటు లేదు, అసలు ఖర్చులో వాటా మాత్రమే. రోజూ బయల్దేరేటప్పుడు, తిరిగొచ్చాక మీటరు అంకె, ఎక్కడికి, ఎవరి కోసం అని ఒక వరుస రాయండి. ఏడాదికి 18,400 కిలోమీటర్లు తిరిగి, అందులో 12,900 సైట్లకు, రిజిస్ట్రార్ ఆఫీసుకు, బిల్డరు దగ్గరికి అయితే వ్యాపార వాటా 70 శాతం.

పెట్రోలు 1,32,000, సర్వీసింగు 18,000, ఇన్సూరెన్స్ 22,000, వడ్డీ 54,000 అనుకుంటే మొత్తం 2,26,000. అందులో 70 శాతం 1,58,200. తరుగుదల 1,35,000లో 70 శాతం 94,500. రెండూ కలిపి 2,52,700. పుస్తకం లేకుండా 100 శాతం చూపించినవారికి అధికారి తన అంచనాతో కోత పెడతారు, ఆ అంచనా తప్పని చెప్పడానికి మీ చేతిలో ఏమీ ఉండదు. మీ పుస్తకం నిజమో కాదో ఎవరైనా సులువుగా సరిచూడగలరు: 18,400 కిలోమీటర్లకు లీటరుకు 15 చొప్పున 1,227 లీటర్లు, లీటరు 107 రూపాయలైతే దాదాపు 1,31,000. పెట్రోలు పద్దు దీనికి దగ్గరగా ఉండాలి. సర్వీసు సెంటరు జాబ్ కార్డు మీద మీటరు అంకె ఎలాగూ ఉంటుంది, దాంతోనూ కలవాలి.

ప్రచారం ఖర్చు మీ రంగంలో పెద్దదే, చెల్లుతుంది కూడా. 99ఏకర్స్, మ్యాజిక్‌బ్రిక్స్ లాంటి పోర్టళ్లకు కట్టిన చందా, ఫేస్‌బుక్ ప్రకటనలు, ఫ్లెక్సీలు, కరపత్రాలు, విజిటింగ్ కార్డులు, డ్రోన్ వీడియో, అన్నీ. ఆన్‌లైన్ సంస్థల ఇన్వాయిస్ మీ ఖాతాలోనే డౌన్‌లోడ్‌కు దొరుకుతుంది, దాని మీద మీ పేరు, పాన్ లేదా జీఎస్టీ నంబరు సరిగ్గా ఉందో చూసుకోండి. ఫ్లెక్సీలు కట్టే కూలీలు, ఆటో, జిరాక్సు లాంటి చోట్ల బిల్లు రాదు. తేదీ, మొత్తం, పని, తీసుకున్నవాళ్ల సంతకంతో మీరే వోచరు రాసుకోండి. చిన్న మొత్తాలకు అది చాలు, ఏడాది ఖర్చులో సగం సొంత వోచర్లే అయితే మాత్రం నమ్మరు. కస్టమర్లను సైటుకు తీసుకెళ్లే అద్దె బండి, ఈసీ ఫీజు, రెరా నమోదు రుసుము, ఆడిటర్ ఫీజు, ఆఫీసు కుర్రాడి జీతం, దీపావళికి కస్టమర్లకు ఇచ్చిన స్వీట్లు, ఇవన్నీ చెల్లేవే. ల్యాప్‌టాప్ మీద తరుగుదల ఏడాదికి 40 శాతం, ఫర్నిచర్ మీద 10, ఫోను మీద 15. ఫోను బిల్లు, ఇంట్లో నెట్ బిల్లు వాటాగానే వేయండి. అద్దె ఇంట్లో ఒక గదిని ఆఫీసుగా వాడితే అద్దెలో, కరెంటులో ఆ గది వాటా వేయొచ్చు. సొంతిల్లయితే మీకు మీరే అద్దె వేసుకోకూడదు.

చెల్లనివాటి దగ్గర ఖచ్చితంగా ఉండండి. ట్రాఫిక్ చలాన్లు, ఆదాయపు పన్ను, ఎల్ఐసీ ప్రీమియం, మీ బట్టలు, పిల్లల ఫీజులు వ్యాపార ఖర్చులు కావు. ఆఫీసుల్లో ఇచ్చిన మామూళ్లను ఏ పేరు పెట్టినా చూపించకండి. చట్టవిరుద్ధమైన చెల్లింపు ఖర్చుగా చెల్లదు, పైగా అది మీ చేత్తో మీరు రాసిచ్చిన సాక్ష్యం.

రాబడి వైపు రెండు విషయాలు జాగ్రత్త. టార్గెట్ దాటినందుకు బిల్డరు ఇచ్చే బంగారు నాణెం, విదేశీ టూరు కూడా మీ ఆదాయమే. విలువ ఏడాదికి 20,000 దాటితే సెక్షన్ 194ఆర్ కింద 10 శాతం టీడీఎస్ కట్టి మీ 26ఏఎస్‌లో చూపిస్తారు, మీరు వదిలేస్తే నోటీసు వస్తుంది. రెండోది, కొనేవాళ్ల టోకెన్ అడ్వాన్సు, స్టాంపు డ్యూటీ మీ ఖాతాలోంచి నడవడం. వీలైనంతవరకు వద్దు, నేరుగా అమ్మేవాళ్లకే పంపమనండి. తప్పనప్పుడు ‘కస్టమరు సొమ్ము’ అని వేరే పద్దు పెట్టి, వచ్చింది పోయింది ఒకే ప్లాటు నంబరు కింద రాయండి. అది మీ రాబడీ కాదు, ఖర్చూ కాదు. కలిపేస్తే 18 లక్షల రాబడి 30 లక్షలుగా కనబడుతుంది.

ఇలా కనబడితే జీఎస్టీ చిక్కు కూడా వస్తుంది. సేవల మీద రాబడి ఏడాదికి 20 లక్షలు దాటితే నమోదు తప్పనిసరి, కమీషన్ మీద 18 శాతం వసూలు చేసి కట్టాలి. తోటి ఏజెంటుకు వాటా ఇవ్వకముందు మీకు వచ్చిన మొత్తం కమీషనే లెక్కలోకి వస్తుంది. 18 లక్షల దగ్గర ఉన్నారు కాబట్టి ప్రతి నెలాఖరుకూ ఆ మొత్తం కూడి చూసుకోండి. నమోదయ్యాక పోర్టళ్ల, ఫ్లెక్సీల బిల్లుల మీద కట్టిన జీఎస్టీని ఇన్‌పుట్‌గా (మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గింపుగా) తీసుకుంటే దాన్ని మళ్లీ ఖర్చులో రాయకూడదు. కారు మీద, భోజనాల మీద కట్టినదానికి ఇన్‌పుట్ రాదు.

బిల్డరు మార్చిలో మీ కమీషన్ తన పద్దుల్లో రాసి టీడీఎస్ కట్టేసి, డబ్బు జూన్‌లో ఇవ్వడం మామూలే. 26ఏఎస్‌లో అది ఈ ఏడాది కనిపిస్తుంది, మీ బ్యాంకులో వచ్చే ఏడాది. డబ్బు చేతికొచ్చినప్పుడే ఆదాయంగా రాసే పద్ధతి మీరు ఎంచుకోవచ్చు, ఎంచుకున్నాక ఖర్చులకూ అదే పద్ధతి, ఏటా అదే పద్ధతి. అప్పుడు ఆ టీడీఎస్‌ను ఈ ఏడాది వాడుకోకుండా ఐటీఆర్-3లో తర్వాతి ఏడాదికి మోసుకెళ్లే గడిలో చూపించాలి. 2024 అక్టోబరు 1 నుంచి కమీషన్ మీద టీడీఎస్ 5 నుంచి 2 శాతానికి తగ్గింది. 18 లక్షల మీద కోసేది 36,000 మాత్రమే. మిగతా పన్ను 10,000 గానీ అంతకు మించి గానీ ఉంటే అడ్వాన్స్ ట్యాక్స్ (ఏడాదిలోనే వాయిదాల్లో కట్టే పన్ను) కట్టాలి. జూన్, సెప్టెంబరు, డిసెంబరు గడువులు పోయినా మార్చి 15లోగా కట్టేస్తే వడ్డీ చాలావరకు తగ్గుతుంది.

బిల్లులు లేకుండా గడచిన నెలలకు చేయగలిగింది చాలానే ఉంది. బ్యాంకు స్టేట్‌మెంటు, ఫోన్‌పే హిస్టరీ తీసి ఒక్కో వరుసకు పని పేరు రాయండి. పోర్టళ్ల ఇన్వాయిస్‌లు దించుకోండి. ఫ్లెక్సీల షాపును, అద్దె బండ్లవాళ్లను బిల్లుల నకళ్లు అడగండి. ఫాస్టాగ్ స్టేట్‌మెంటు, జాబ్ కార్డులు, ఫోన్‌లోని ప్రయాణాల టైమ్‌లైను, కస్టమర్లతో వాట్సాప్ సందేశాలు కలిపితే ఏ రోజు ఏ సైటుకు వెళ్లారో చాలావరకు తేలుతుంది. ఇలా తిరిగి రాసిన పుస్తకం మీద ‘స్టేట్‌మెంట్ల ఆధారంగా ఫలానా తేదీన రాసింది’ అని నిజాయితీగా రాయండి. ఖాళీ బిల్లు పుస్తకాలు కొని నింపడం మాత్రం వద్దు. ఆధారం లేని ఖర్చు చూపించడాన్ని చట్టం తప్పుడు లెక్క కింద చూస్తుంది, దాచిన పన్నుకు 200 శాతం జరిమానా.

చివరగా నిరుటి రిటర్న్. దాన్ని సవరించే గడువు 2025 డిసెంబరు 31తో పోయింది. ఇప్పుడు మిగిలింది అప్‌డేటెడ్ రిటర్న్, ఐటీఆర్-యు. ముందు 2024-25 ఖర్చులు పైన చెప్పినట్టే పోగుచేసి నిజమైన లాభం తేల్చండి. ఆ ఏడాది కొత్త విధానంలో రిబేటు హద్దు 7 లక్షలు. లాభం ఆ లోపే ఉంటే పన్ను లేదు, వచ్చిన రిఫండూ మీదే. పన్ను పెరగదు కాబట్టి ఐటీఆర్-యు వేసే వీలుండదు, ఆ లెక్కా ఆధారాలూ ఫైల్లో ఉంచండి. లాభం 8 లక్షలని తేలితే పన్ను 31,200. వచ్చిన రిఫండును లెక్కలోకి తీసుకుని పన్ను, దానిపై వడ్డీ, ఆ రెంటి మొత్తం మీద అదనంగా 25 శాతం కట్టాలి. ఈ 25 శాతం 2027 మార్చి 31 వరకే, ఆ మర్నాటి నుంచి 50. 2026 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం 2025 అమల్లోకి వచ్చి పైన చెప్పిన సెక్షన్ల నంబర్లు మారుతున్నా, నిరుటిదీ ఈ ఏడాదిదీ 1961 చట్టం ప్రకారమే తేలుతాయి.